సముద్రం లేని ఊరి నుంచి పొగ ఓడల కథ



ఈ వేళ మీతో పొగ ఓడల గురించి నాలుగు మాటలు ముచ్చటిద్దామని వచ్చాను. "పాలంపేట ఆవిడకు ఓడలతో పనేమిటమ్మా?" అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. నవ్వుకోవలసిందే మరి. మా ఊరికి రామప్ప గుడి ఉంది, రామప్ప చెరువు ఉంది, చుట్టూ కావలసినంత అడవి ఉంది. సముద్రం మాత్రం ఎటు నడిచినా రోజుల తరబడి కనిపించదు. అయినా సరే, ఓడల కథ మా గుడి దగ్గర మొదలుపెట్టడానికి నాకు ఒక కారణం ఉంది.

రామప్ప గుడి కట్టించిన రేచర్ల రుద్రుడు కాకతీయ గణపతిదేవ చక్రవర్తి సేనాని. గుడిలోని శాసనం 1213 నాటిది. ఆ గణపతిదేవుడే 1244లో సముద్రపు ఒడ్డున, ఇప్పటి బాపట్ల జిల్లాలో ఉన్న మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. దాన్ని అభయ శాసనం అంటారు. అప్పటిదాకా ఆచారం ఏమిటంటే, గాలివానకు ఓడ దెబ్బతిని ఎవరి తీరానికి కొట్టుకువస్తే ఆ రాజుగారిదే ఆ సరుకంతా! ఏనుగులు, గుర్రాలు, రత్నాలు, బంగారం, ఏదైనా సరే ఊడ్చుకుపోయేవారు. మునిగినవాడి మీద పిడుగుపాటన్నమాట. గణపతిదేవుడు ఇది కూడదన్నాడు. ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చేవారి దగ్గర న్యాయమైన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని రాతి మీద చెక్కించి మాట ఇచ్చాడు. ఓరుగల్లులో కూర్చున్న రాజుకు ఓడ ఎక్కేవాడి భయం అర్థమైందంటే నాకు ఎంతో ముచ్చటేస్తుంది. ఆరువందల ఏళ్ళ తర్వాత మన సముద్రం మీద ఇంగ్లీషువారి కంపెనీ ఓడలు తిరిగిన రోజుల్లో ఓడ ఎక్కినవారికి అలాంటి అభయం ఎవరైనా ఇచ్చారా అన్నది ముందు ముందు చూద్దాం.

మా గుడి గోపురం ఇటుకలు నీళ్ళలో తేలతాయని మీరు వినే ఉంటారు. చూడవచ్చినవాళ్ళంతా ముందు అడిగేది దాని సంగతే. లోపల సన్నని గాలి రంధ్రాలు ఉండడం వల్ల ఆ ఇటుక తేలిక. మరి ఇనుముతో చేసిన ఓడ ఎలా తేలుతుంది? అంట్లు తోమేటప్పుడు నీళ్ళ తొట్టిలో ఒక స్టీలు గిన్నె వేసి చూడండి, తేలుతుంది. అదే స్టీలు చెంచా వేయండి, బుడుంగున మునుగుతుంది. గిన్నె బోలుగా ఉండి తన బరువుకు సరిపడా నీటిని పక్కకు తోస్తుంది గనుక నీరు దాన్ని మోస్తుంది. వేల టన్నుల ఓడ అయినా ఆ గిన్నెకు పెద్దక్కే.

ఆవిరి సంగతి మనకు ఒకరు చెప్పాలా! ఇడ్లీ పాత్ర మూత టపటపలాడించేదీ, కుక్కరు చేత ఈల వేయించేదీ అదే. నీరు ఆవిరి అయితే సుమారు 1,600 రెట్లు ఎక్కువ చోటు కావాలంటుంది. చోటు ఇవ్వకపోతే తోస్తుంది. ఆ తోపుడుతో చక్రం తిప్పితే పొగ ఓడ. మొదట్లో ఓడకు రెండు పక్కలా పెద్ద పెద్ద చక్రాలు ఉండేవి, తర్వాత వెనుక వైపు నీటి అడుగున తిరిగే మర రెక్కలు వచ్చాయి. దీనికి ముందు ఓడంటే తెరచాప, తెరచాపంటే గాలి దయ. ఆఫ్రికా ఖండం చుట్టి ఇంగ్లండు నుంచి ఇక్కడికి రావాలంటే అయిదారు నెలలు పట్టేది. మొట్టమొదట అక్కడి నుంచి మన దేశానికి వచ్చిన ఆవిరి ఓడ పేరు ఎంటర్‌ప్రైజ్. 1825లో కలకత్తా చేరింది. 113 రోజులు పట్టింది! తెచ్చుకున్న బొగ్గు అయిపోతే దారిలో తెరచాపలు కూడా ఎత్తవలసి వచ్చింది. అంత గొప్పగా చెప్పి ఇంతేనా అని అప్పటివాళ్ళు పెదవి విరిచారట. అంతకు కొద్దిగా ముందే కలకత్తాలో తయారైన డయానా అనే చిన్న ఆవిరి పడవను ఇంగ్లీషువారు 1824లో మొదలైన బర్మా యుద్ధానికి తీసుకుపోయి, ఐరావతి నదిలో తిప్పారు. అంటే ఈ పొగ ఓడ మన సముద్రంలోకి ప్రయాణీకుల కోసం వచ్చిన బండి కాదు. యుద్ధానికీ, టపాకూ, సరుకుకూ వచ్చింది. మనుషులను ఎక్కించుకోవడం తర్వాత నేర్చుకుంది.

పి అండ్ ఓ అనే కంపెనీ పేరు చాలామంది వినే ఉంటారు. 1840లో రాణిగారి సన్నదు పుచ్చుకుని, 1842లో హిందోస్తాన్ అనే ఓడను కలకత్తాకు నడిపింది. 1869లో సూయెజ్ కాలువ తెరిచాక ఇంగ్లండు ప్రయాణం మూడు నాలుగు వారాలకు దిగింది. ఆ ఓడల్లో దొరలు, దొరసానులు, బారిస్టరు చదువుకు వెళ్ళే జమీందారుల బిడ్డలు పోయేవారు. భోజనాల బల్లలు, పియానోలు, వెండి చెంచాలు! ఆ వైభవం గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు గనుక నేను అక్కడ ఆగను.

దానికన్నా ముందు మా ప్రాంతంలోకి పొగ ఓడ రాబోయి ఆగిపోయిన కథ ఒకటి చెప్పాలి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొరను మీకు పరిచయం చేయనక్కరలేదు. 1852లో ఆ ఆనకట్ట పూర్తయింది. ఆయనకు రైళ్ళ మీద అంత మోజు లేదు. నీటి దారి ఉండగా ఇనుప పట్టాలెందుకని ఆయన వాదం. గోదావరి మీద సముద్రం నుంచి పైకి, నాగపూరు, బేరారు పత్తి సీమల దాకా స్టీమర్లు నడపాలన్నది ఆయన కల. హేగ్ అనే ఇంజనీరు నదిని కొలిచి నివేదిక ఇచ్చాడు. దారిలో మూడుచోట్ల రాతి గుట్టలు అడ్డం ఉన్నాయి. ఒకటి దుమ్ముగూడెం, రెండోది ఇచ్చంపల్లి, మూడోది దేవలమర్రి. ఈ ఇచ్చంపల్లి మా ప్రాంతానికి పెద్ద దూరమేమీ కాదు. అక్కడ ఆనకట్ట, పక్కన కాలువ, లాకులు కడితే స్టీమరు మెట్లెక్కినట్టు పైకి ఎక్కిపోతుందని ఆలోచన. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి ఇంగ్లండు మిల్లులకు పత్తి కరువైపోయేసరికి ఈ పనికి ఎక్కడలేని తొందర వచ్చింది. రాళ్ళు పగలగొట్టారు. అడవి జ్వరాలకు కూలీలు, ఉద్యోగులు చాలామంది పడిపోయారు. ఈలోగా అమెరికా యుద్ధం 1865లో ముగిసింది, 1867లో బొంబాయి రైలు నాగపూరు చేరింది. ఎండాకాలం నదిలో మోకాటి లోతు నీళ్ళు! చివరికి 1871లో పని ఆపేశారు. దుమ్ముగూడెం ఆనకట్ట మాత్రం మిగిలింది. ఆ పని జరిగి ఉంటే ఇచ్చంపల్లి దగ్గర స్టీమరు ఎక్కి కాకినాడ వైపు సాగిపోయే వాళ్ళమేమో! అలా జరిగి ఉంటే మా అడవి మిగిలేదా అన్నది మాత్రం వేరే ప్రశ్న. పత్తి కోసం వచ్చినవారు టేకు చెట్టును చూసి ఊరుకునేవారు కాదు.

ఇక అసలు కథ. మన తెలుగువారిని లక్షల మందిని సముద్రం దాటించిన కంపెనీ పేరు బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ. అందరూ బి.ఐ. అనేవారు. దీన్ని పెట్టిన విలియం మెకిన్నన్ స్కాట్లండువాడు, చిన్నప్పుడు కిరాణా వ్యాపారంలో పని నేర్చుకున్నాడట. 1847లో మన దేశం వచ్చి మెకంజీ అనే తోటివాడితో కలిసి కలకత్తాలో వ్యాపారం మొదలుపెట్టాడు. 1852 యుద్ధంలో ఇంగ్లీషువారు రంగూను పట్టుకున్నారు. కలకత్తాకూ రంగూనుకూ మధ్య టపా నడవాలి. ఆ టపా కాంట్రాక్టు చేతికి రాగానే మెకిన్నన్ 1856లో రెండు స్టీమర్లతో కంపెనీ మొదలుపెట్టాడు. 1862లో పేరు మార్చి బ్రిటిష్ ఇండియా అని పెట్టుకున్నాడు. టపాకు సర్కారు డబ్బు ఇస్తుంది గనుక నష్టం భయం లేదు, మిగిలిన చోటులో మనుషులనూ బియ్యాన్నీ ఎక్కిస్తే అంతా లాభమే. మొదటి ప్రపంచయుద్ధం నాటికి వందకు పైగా ఓడలైనాయి. 1914లో పి అండ్ ఓ, బి.ఐ. ఒకటైపోయాయి.

ఈ కంపెనీ ఓడను దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. నల్లని పొగగొట్టం, దానికి రెండు తెల్లని పట్టీలు. ఓడల పేర్లు కూడా విచిత్రం. అన్నీ మన ఆడపిల్లల పేర్లలాగా 'ఆ' అనే పలుకుతో ముగిసేవి. రాజులా, రోహ్నా, అరోండా, ఎల్లోరా. ఊళ్ళ పేర్లు వెతికి పెట్టేవారు. మన గోల్కొండ పేరుతో ఒక పెద్ద ఓడ ఉండేది. 1916లో ఇంగ్లండు తీరంలో శత్రువులు పెట్టిన మందుపాతర తగిలి మునిగిపోయింది. విశాఖ తీరంలో ఉన్న పెంటకోట అనే పల్లె పేరు కూడా ఒక ఓడకు పెట్టారు. ఆ ఊరి జాలర్లు తమ పల్లె పేరు ఇనుప ఓడ మీద ఊరేగుతోందని ఎరుగుదురో లేదో!

ఈ కంపెనీ ఓడలు కలకత్తా నుంచి తీరం వెంట దిగుతూ గోపాలపురం, బరువ, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవుల దగ్గర ఆగేవి. ఆగడమంటే ఒడ్డుకు రావడం కాదు. మన తీరం మెరక. ఓడ నడిసముద్రంలో లంగరు వేసి నిలబడేది. కాకినాడలో అయితే కొన్ని మైళ్ళ దూరంలో నిలిచేది. ఒడ్డు నుంచి పడవలో వెళ్ళి ఎక్కాలి. అలలు విరిగే చోట మామూలు పడవ పనికిరాదు, పగిలిపోతుంది. అందుకని పలకలను మేకులతో కొట్టకుండా కొబ్బరి తాడుతో కుట్టిన పడవలు వాడేవారు. వీటిని మసూలా పడవలనేవారు. బిగుసుకుని ఉండే మేకు పడవ అల దెబ్బకు చీలితే, ఈ కుట్టు పడవ చాప లాగా వంగి సర్దుకుపోయేది. కొబ్బరి పీచుతో కుట్టిన పడవలో వెళ్ళి గ్లాస్గో ఇనుప ఓడ ఎక్కడం! లోకం తెలిసిన ఇంజనీర్లకు ఆ ఒడ్డున మన బెస్తవారే దిక్కయ్యారు. ఇక్కడ ఒక్క క్షణం ఊహించుకోండి. చంకలో చంటిపిల్ల, చేతిలో మూట, పడవ ఉయ్యాలలాగా లేచి పడుతోంటే ఓడ పక్కన వేలాడే మెట్లు పట్టుకోవాలి. మనం సిటీ బస్సు ఫుట్‌బోర్డు ఎక్కడానికే ఇబ్బంది పడతాము!

ఎక్కడికి వీళ్ళంతా? ఎక్కువమంది రంగూనుకు. తీరం జిల్లాల్లో దాన్ని రంగూను అనేవారు కాదు, 'రంగం' అనేవారు. "వాడు రంగం పోయాడు" అంటే ఇక ఆ ఇంటి సంగతంతా చెప్పినట్టే. ఐరావతి నది ముఖద్వారంలో ఇంగ్లీషువారు చిత్తడి అడవులు నరికించి వరి వేయించారు. సూయెజ్ తెరిచాక ఆ బియ్యానికి యూరపులో గిరాకీ పెరిగింది. మిల్లుల్లో, రేవులో, పొలాల్లో చేతులు కావాలి. ఇక్కడ గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల్లో కరువు, అప్పు, చాలని భూమి. మేస్త్రీ ఊళ్ళోకి వచ్చి చేతిలో బయానా పెట్టేవాడు. టిక్కెట్టు కొని ఓడ ఎక్కించి, రంగూనులో తన ముఠాలో పనికి పెట్టుకునేవాడు. బాకీ తీరేదాకా జీతం మేస్త్రీ చేతుల మీదుగానే వచ్చేది. చాలామంది కోతల ముందు వెళ్ళి, మిల్లుల పని అయ్యాక వానలకు ముందు తిరిగి వచ్చేవారు. కొందరు రెండు మూడేళ్ళు ఉండిపోయేవారు. 1931 జనాభా లెక్కల్లో బర్మాలో మన దేశంవారు పది లక్షల పైన. రంగూను పట్టణంలో సగానికి పైగా మనవాళ్ళే! తెలుగువారిని అక్కడ 'కోరంగీలు' అనేవారు. కాకినాడ దగ్గరున్న కోరంగి రేవు పేరు అది. ఆ రేవు 1839 నాటి ఉప్పెనలో దెబ్బతిని మళ్ళీ కోలుకోలేదు. ఊరు చితికిపోయినా పేరు మాత్రం సముద్రం దాటి లక్షల మందికి అంటుకుంది.

రంగం ప్రయాణం మూడు నాలుగు రోజులు. పై అంతస్తుల్లో గదులు, పడకలు డబ్బున్నవారికి. మనవాళ్ళందరిదీ డెక్కు టిక్కెట్టు. డెక్కు అంటే ఓడ బల్లపరుపు. గది లేదు, మంచం లేదు. చాప పరిచి ఎంత మేర ఆక్రమిస్తే అంత మేర మన ఇల్లు. పైన ఎండకు ఒక గుడ్డ పందిరి. వాన వస్తే తడవడమే. మంచినీళ్ళకు వరుస, మరుగుదొడ్డికి వరుస. ఆ మరుగుదొడ్ల సంగతి రేడియోలో చెప్పతగినది కాదు గాని, ఆడవాళ్ళు చెప్పుకోలేని బాధ అక్కడే ఎక్కువని మీకు నేను చెప్పాలా? 1921లో ప్రభుత్వం డెక్కు ప్రయాణీకుల కోసం ఒక కమిటీ వేసిందంటే సంగతి ఎంత ముదిరిందో చూడండి. 1929లో గాంధీజీ బర్మా వెళ్ళివచ్చి డెక్కు ప్రయాణీకుల అగచాట్ల గురించి తన పత్రికలో రాశారు. ఓడను నడిపేవాళ్ళు కూడా మనవాళ్ళే. బొగ్గు వేసేవాడు, డెక్కు కడిగేవాడు, వంట చేసే భండారీ, వాళ్ళ మీద సారంగు. వీళ్ళను లస్కర్లనేవారు. తెల్ల నావికుడితో పోలిస్తే జీతం చాలా తక్కువ, ఉండే చోటు ఇరుకు. చొక్కా మీద బంగారు పట్టీలున్నవారు మాత్రం దొరలు.

ఇప్పుడు మన విషయానికి వస్తాను, అంటే ఆడవాళ్ళ విషయానికి. అప్పట్లో నాటాలు, ఫిజీ వంటి దూరదేశాలకు చెరకు తోటల కూలీలను ఒప్పందం మీద పంపేవారు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి 342 మందితో డర్బన్ చేరింది. దక్షిణాఫ్రికాకు వెళ్ళిన మొదటి ఒప్పందపు కూలీలు వాళ్ళే, అందులో తెలుగువారూ ఉన్నారు. ఆ ఒప్పందపు ఓడలకు తర్వాత ఒక నిబంధన పెట్టారు. వందమంది మగవారికి నలభైమంది ఆడవారు ఉండి తీరాలని. ఇదేదో దయ అనుకోకండి. తోటల్లో కూలీలు నిలవాలంటే ఇల్లు ఉండాలి, ఇల్లు ఉండాలంటే ఇల్లాలు ఉండాలి, అదీ లెక్క. బర్మా ఓడలకు అలాంటి నిబంధన లేదు. రేపు వచ్చేవాడికి ఇల్లెందుకు? అందుకని మగవాళ్ళు వెళ్ళారు, ఆడవాళ్ళు ఇక్కడే మిగిలారు.

అలా మిగిలినవారి సంగతి ఓడల చరిత్రలో కనిపించదు. ఓడ ఎన్ని టన్నులో ఉంటుంది, ఇంజను ఎవరు చేశారో ఉంటుంది, డైరెక్టర్ల పేర్లుంటాయి, డెక్కు మీద ఎంతమంది పడతారో అంకె ఉంటుంది. మొగుడు రంగంలో ఉండగా చంటిపిల్లను, అత్తమామలను, రెండు కుంచాల గింజలను, మేస్త్రీ బాకీని ఒంటి చేత్తో మోసినావిడ పేరు ఏ పుస్తకంలో ఉంటుంది? ఉత్తరం రాయించాలంటే పోస్టాఫీసు గుమ్మం దగ్గర ఒకరిని బతిమాలాలి. వచ్చిన ఉత్తరం చదివించుకోవాలంటే మరొకరిని బతిమాలాలి, ఇంటి గుట్టు అంతా వాళ్ళ చెవిన పడుతుంది. మనియార్డరు వస్తే బతికాడని, రాకపోతే ఏమో. కొందరు మగవాళ్ళు అక్కడే బర్మా ఆడవాళ్ళను చేసుకుని స్థిరపడ్డారు. ఆ బర్మా ఇల్లాలి తప్పు ఏముంది, ఈ తెలుగు ఇల్లాలి తప్పు ఏముంది చెప్పండి? కంపెనీ మాత్రం వెళ్ళేటప్పుడు ఒక టిక్కెట్టు, వచ్చేటప్పుడు ఒక టిక్కెట్టు అమ్ముకుంది.

ఆడవాళ్ళు ఓడ ఎక్కిన కథల్లో నన్ను అన్నిటికన్నా కలచివేసినది సర్ జాన్ లారెన్స్ అనే స్టీమరు కథ. ఇది బి.ఐ. ఓడ కాదు. ఒరిస్సాకు అప్పుడు రైలు లేదు. బెంగాలు నుంచి పూరీ జగన్నాథుని చూడాలంటే కలకత్తాలో స్టీమరు ఎక్కి చాంద్‌బాలీలో దిగి, అక్కడి నుంచి రోడ్డున వెళ్ళాలి. 1887 మే నెల 25న ఈ ఓడ ఏడువందల మందికి పైగా యాత్రికులతో తుఫానులో చిక్కి మునిగిపోయింది. ఒక్కరూ మిగలలేదు. వారిలో ఎక్కువమంది ఆడవారు. ఆ యాత్రికుల జ్ఞాపకార్థం కలకత్తాలో హుగ్లీ ఒడ్డున ఒక రాతి పలక పెట్టించినవారు ఎవరనుకున్నారు? కొందరు ఇంగ్లీషు స్త్రీలు. తమ పేర్లు చెప్పుకోకుండా పెట్టించారు. గణపతిదేవుడి రాయి తర్వాత ఓడల చరిత్రలో నా మనసుకు హత్తుకున్న రెండో రాయి ఇదే.

కంపెనీ గుత్తాధిపత్యాన్ని ఎవరూ ఎదిరించలేదా అంటే ఎదిరించారు. మన పొరుగునే తూత్తుకుడిలో వి.ఓ. చిదంబరం పిళ్ళైగారు 1906లో స్వదేశీ ఓడల కంపెనీ పెట్టి కొలంబోకు రెండు ఓడలు నడిపారు. బి.ఐ. ఏం చేసిందో తెలుసా? టిక్కెట్టు ధర కోసేస్తూ పోయి, చివరికి ఊరికే ఎక్కండి, పైగా ఒక గొడుగు కూడా ఇస్తాం అందిట! గొడుగు కోసం స్వదేశీ ఓడ దిగి విదేశీ ఓడ ఎక్కినవారిని తిట్టబుద్ధి వేస్తుంది. కాని చీర కొంటే ప్లాస్టిక్ బుట్ట ఉచితమంటే మనం ఏ కొట్టుకు పోతాం, చెప్పండి? 1908లో పిళ్ళైగారిని జైలులో పెట్టారు, 1911కల్లా కంపెనీ మూతపడింది. తర్వాత 1919లో వాల్‌చంద్ హీరాచంద్, నరోత్తమ్ మొరార్జీ కలిసి సింధియా కంపెనీ పెట్టి లాయల్టీ అనే ఓడను బొంబాయి నుంచి లండనుకు పంపారు. వీళ్ళు తట్టుకు నిలబడ్డారు. 1933లో విశాఖ హార్బరు తెరిచినప్పుడు అందులోకి అడుగుపెట్టిన మొదటి ప్రయాణీకుల ఓడ సింధియావారి జలదుర్గ. విశాఖలో కుట్టు పడవలో ఊగుతూ ఓడ ఎక్కే బాధ అప్పటికి గాని తీరలేదు.

రంగంలో మాత్రం రోజులు మారుతున్నాయి. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలు సమ్మె చేశారు. వాళ్ళ స్థానంలో బర్మావాళ్ళను పెట్టుకున్నారు. సమ్మె తీరి తెలుగువారిని తిరిగి తీసుకుని బర్మావాళ్ళను పొమ్మనేసరికి రెండు జట్లకూ కొట్లాట రేగింది. వందమందికి పైగా చనిపోయారు, వారిలో చాలామంది తెలుగువారు. కూలి తగ్గించుకోవడానికి ఓడల వాళ్ళు ఆడిన ఆట, కత్తులు దూసుకున్నది ఇద్దరు పేదవాళ్ళు. 1937లో బర్మాను మన దేశం నుంచి విడదీశారు.

1941 డిసెంబరు 23న జపానువారు రంగూను మీద బాంబులు వేశారు. రేవు కూలీలు చెల్లాచెదురయ్యారు, ఓడలో చోటు గగనమైపోయింది. చోటు ఉన్నా ముందు తెల్లవారికే అన్న ఆక్రోశం ఇప్పటికీ ఆనాటి కుటుంబాల్లో వినిపిస్తుంది. 1942 మార్చి 8న రంగూను పడిపోయింది. ఇక నడక. అరకాను కొండల మీదుగా, మణిపురం, అస్సాం అడవుల మీదుగా నాలుగు లక్షల మందికి పైగా నడిచి వచ్చారు. నాలుగు రోజుల సముద్రం దారి మూసుకుపోయి నెలల తరబడి అడవి దారి అయింది. వేలమంది కలరాతో, ఆకలితో దారిలోనే పోయారు. ఓడ ఎక్కేటప్పుడు మేస్త్రీ లెక్క రాసుకున్నాడు గాని, దారిలో పోయినవారి లెక్క ఎవరూ సరిగా రాయలేదు. ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద కూడా బాంబులు పడ్డాయి. ఆ రోజే బంగాళాఖాతంలో జపాను యుద్ధనౌకలు ఎన్నో వర్తక ఓడలను ముంచాయి. బి.ఐ. వారి మాల్డా, గండారా వాటిలో ఉన్నాయి.

యుద్ధం తర్వాత కొందరు మళ్ళీ వెళ్ళారు. 1962లో బర్మాలో సైనిక ప్రభుత్వం వచ్చి, 1964లో దుకాణాలు జాతీయం చేశాక మళ్ళీ తిరుగుముఖం. ఈసారి మన ప్రభుత్వం ఓడలు పంపి తెచ్చుకుంది. విశాఖపట్నం కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అన్న పేరు వినే ఉంటారు, అది అలా వచ్చిందే. ఈలోగా అదే విశాఖలో 1948 మార్చి 14న నెహ్రూగారు జల ఉష అనే ఓడను నీళ్ళలోకి దింపారు. స్వతంత్రం వచ్చాక మన దేశంలో తయారైన మొదటి పెద్ద ఆవిరి ఓడ అది. ఆ షిప్పుయార్డుకు 1941లో పునాదిరాయి వేసింది బాబూ రాజేంద్రప్రసాద్‌గారు.

బి.ఐ. ఓడల్లో చాలాకాలం బతికినది రాజులా. 1926లో గ్లాస్గోలో పుట్టింది. మద్రాసు, నాగపట్నం నుంచి పెనాంగు, సింగపూరులకు తిరిగేది. మొదట్లో అయిదువేల మందికి పైగా డెక్కు ప్రయాణీకులు పడతారని లెక్క వేశారు, తర్వాత తగ్గించారు. మలయా రబ్బరు తోటలకు వెళ్ళిన తెలుగువారూ తమిళులూ ఎక్కింది ఇదే. దాని తోబుట్టువు రోహ్నా 1943 నవంబరులో మధ్యధరా సముద్రంలో జర్మనుల బాంబు తగిలి మునిగింది. 1,015 మంది అమెరికా సైనికులు దానితో పోయారు. వారితోపాటు మన లస్కర్లూ పోయారు. ఆ సంగతి చాలా ఏళ్ళు బయటకు పొక్కనివ్వలేదు. రాజులా మాత్రం యుద్ధంలో సైనికులను మోసి, బతికి బయటపడి, మళ్ళీ మద్రాసుకూ సింగపూరుకూ మధ్య తిరిగింది. ఈలోగా విమానాలు వచ్చేశాయి, కంపెనీ పేరు కూడా పి అండ్ ఓ లో కలిసి మాసిపోతోంది. 1973లో రాజులాను మన షిప్పింగ్ కార్పొరేషన్ వారు కొని, అండమానులోని ఊరి పేరుతో రంగత్ అని పేరు మార్చారు. అప్పటికి దానికి 47 ఏళ్ళు. మరుసటి ఏడు బొంబాయిలో దాన్ని విప్పి పాత ఇనుముకు అమ్మేశారు.